నిపుణుల కమిటీ దాకా మీ ఊరి మాట చేరాలంటే

ఫలానా విషయంపై నిపుణుల కమిటీ వేశారని పేపర్లో రాగానే మన దగ్గర జరిగే తంతు తెలిసిందే. పది మంది కూడి ఒక వినతిపత్రం రాస్తారు, కలెక్టరేట్‌కు పోయి ఇస్తారు, ఫొటో దిగుతారు, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వస్తుంది. ఆ కాగితం కమిటీ దాకా పోయిందా, పోతే ఎవరైనా చదివారా అని మళ్లీ ఎవరూ అడగరు. ఆరు నెలలకో ఏడాదికో నివేదిక వస్తే అందులో మన ఊరి ఊసే ఉండదు. దీనికి రాజకీయాన్ని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు కాగితం తప్పు గుమ్మానికి పోయి ఉంటుంది, లేదా కమిటీ వాడుకోలేని రూపంలో పోయి ఉంటుంది. ఈ రెండూ మనం సరిచేసుకోగలిగినవే. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పక్క ఊరికైనా, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు సంఘానికైనా, ఉద్యోగుల యూనియన్‌కైనా దారి దాదాపు ఒకటే.

ముందుగా ఒక మాట. కమిటీ సలహా మాత్రమే ఇస్తుంది. నిర్ణయం మంత్రివర్గానిది, లేదా సంబంధిత శాఖది. సిఫారసును ఒప్పుకుని తీరాలన్న రూలేమీ లేదు. అయినా శ్రమ వృథా పోదు. తర్వాత చట్టం ముసాయిదా రాసే అధికారి, హైకోర్టులో రిట్ వేసే లాయరు, అసెంబ్లీలో ప్రశ్న అడిగే ఎమ్మెల్యే, అందరూ తిరగేసేది ఆ నివేదికనే. అందులో మీ ఊరి లెక్క ఒక పేరాగా ఎక్కితే పదేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది.

మొదటి మెట్టు: అది ఏ రకం కమిటీ?

పేపర్లో అన్నింటినీ కమిటీ అనే రాస్తారు. మీరు మాత్రం విడదీసి చూడాలి.

జీవోతో వేసే కమిటీలు ఒక రకం. భూ రికార్డుల పోర్టల్ ధరణి సమస్యలపై 2024 జనవరిలో వేసిన ఐదుగురి కమిటీ ఇలాంటిది. వీటికి ఎవరినీ సమన్లు పంపి పిలిపించే అధికారం ఉండదు, నివేదికను సభలో పెట్టాలన్న నిబంధనా లేదు. అయితే ఇవి ప్రభుత్వానికి దగ్గరగా పనిచేస్తాయి కాబట్టి ఫలితం త్వరగా రావచ్చు. ఆ ఏడాది ఆగస్టుకే కొత్త ఆర్‌ఓఆర్ (భూ హక్కుల రికార్డు) చట్టం ముసాయిదా భూపరిపాలన ప్రధాన కమిషనర్ (సీసీఎల్‌ఏ) వెబ్‌సైట్‌లో జనం అభిప్రాయాల కోసం పెట్టారు, 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందున్న 2020 చట్టంలో సాదాబైనామాలకు, అంటే తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకాలకు, చోటు లేక ఆగిపోయిన దరఖాస్తులకు కొత్త చట్టంలో దారి దొరికింది.

1952 నాటి కమిషన్స్ ఆఫ్ ఎంక్వైరీ చట్టం కింద వేసేవి రెండో రకం. వీటికి సివిల్ కోర్టుకున్న అధికారాలు కొన్ని ఉంటాయి. సమన్లు పంపొచ్చు, ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకోవచ్చు, రికార్డులు తెప్పించుకోవచ్చు. ఎవరి పేరుకైనా మచ్చ వచ్చేలా ఉంటే సెక్షన్ 8బి కింద ముందు వాళ్లకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. నివేదిక అందిన ఆరు నెలల్లోపు, తీసుకున్న చర్యల పత్రంతో కలిపి శాసనసభ ముందు పెట్టాలని సెక్షన్ 3(4) చెబుతుంది. ఇక్కడ మామూలు వినతిపత్రం కన్నా నోటరీ అఫిడవిట్‌కే విలువ.

మూడో రకం ఎప్పుడూ ఉండేవి. గనులు, ఫ్యాక్టరీలకు పర్యావరణ అనుమతిపై సలహా ఇచ్చే ఎక్స్‌పర్ట్ అప్రైజల్ కమిటీ, రాష్ట్ర స్థాయిలో అదే పని చేసే కమిటీ, పంటల మద్దతు ధర సిఫారసు చేసే వ్యవసాయ ఖర్చులు ధరల కమిషన్, గిరిజన సలహా మండలి ఇందులోకి వస్తాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో మేడిగడ్డ బ్యారేజీ సంగతి చూస్తే తెలుస్తుంది. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. దానిపై 2024 మార్చిలోనే రెండు వేర్వేరు సంస్థలు పని మొదలుపెట్టాయి. జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ వేసిన నిపుణుల కమిటీ ఇంజనీరింగ్ లోపాలు చూసింది. జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ ఎవరి బాధ్యత ఎంత అన్నది చూసి 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది. బ్యారేజీ వెనక నీళ్లు తన్ని పత్తి చేను మునిగిన రైతు పరిహారం లెక్కగట్టమని ఈ రెండింటిలో దేన్ని అడిగినా, అది వాటి పని కాదు. ఆ కాగితం పోవాల్సింది రెవెన్యూకు, నీటిపారుదల శాఖకు.

మిర్చి రైతులదీ ఇదే ఇబ్బంది. ధర పడిపోయినప్పుడల్లా మద్దతు ధర కమిషన్‌కు రాయాలన్న తీర్మానాలు వస్తుంటాయి. ఆ కమిషన్ సిఫారసు చేసే పంటల జాబితాలో పత్తి ఉంది, మక్క ఉంది, మిర్చి లేదు, పసుపూ లేదు. మిర్చికి ఉన్న దారి మార్కెట్ జోక్యం పథకం. దానికి రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదన పంపాలి, కేంద్రం ఒప్పుకోవాలి. కాబట్టి మీ కాగితం మార్కెటింగ్ శాఖకు, వ్యవసాయ శాఖకు పోవాలి. ఇది తెలియక సీజన్ మొత్తం పోగొట్టుకున్న సంఘాలు ఉంటాయి.

రెండో మెట్టు: జీవో చేతికి తెచ్చుకోవడం

పేపర్ కటింగ్‌ను నమ్ముకుని రాయొద్దు. రాష్ట్ర ప్రభుత్వ జీవోల వెబ్‌సైట్‌లో శాఖ పేరు, తేదీ పెట్టి వెతకండి. కమిటీల జీవోలు ఎక్కువగా ‘ఆర్‌టీ’ సిరీస్‌లో ఉంటాయి, ‘ఎంఎస్’లో దొరక్కపోతే అటు చూడండి. అక్కడా లేకపోతే సచివాలయంలో ఆ శాఖ సెక్షన్‌ను అడగాలి, లేదా ఎమ్మెల్యే ఆఫీసు నుంచి తెప్పించుకోవాలి.

జీవో సాధారణంగా రెండు మూడు పేజీలు మించదు. అందులో ముఖ్యమైనది టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్, అంటే కమిటీ ఏం చూడాలో చెప్పే అంశాల జాబితా. వాటికి నంబర్లుంటాయి. ఒక్కో అంశాన్ని తెలుగులో మీ మాటల్లో రాసుకుని, పక్కన మీ ఊరి సమస్య ఏ నంబరు కింద వస్తుందో వేసుకోండి. దేని కిందికీ రాకపోతే చివర్లో ‘సంబంధిత ఇతర అంశాలు’ అనే వాక్యం ఉందేమో చూడండి. ఉంటే సన్నని దారి ఉన్నట్టే. లేకపోతే ఆ విషయం ఈ కమిటీకి రాయడం దండగ.

తర్వాత మెంబర్ కన్వీనర్ లేదా మెంబర్ సెక్రటరీ ఎవరో చూడండి. కాగితాలన్నీ చేరేది ఆ మనిషి ఆఫీసుకే, నివేదిక చిత్తుప్రతి తయారయ్యేదీ అక్కడే. చైర్మన్‌కు పూలదండ వేసి ఇచ్చిన కాపీ ఇంటికి పోతుంది, కన్వీనర్ ఆఫీసు తపాల్‌లో ఇచ్చింది ఫైల్లోకి పోతుంది.

సభ్యుల నేపథ్యం కూడా చదవండి. నివేదిక ఏ తీరున ఉంటుందో అక్కడే తెలుస్తుంది. 2010 ఫిబ్రవరి 3న వేసిన శ్రీకృష్ణ కమిటీనే తీసుకోండి. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి చైర్మన్, సభ్యుల్లో ఒకరు లా యూనివర్సిటీ వీసీ, ఒకరు ఆర్థికవేత్త, ఒకరు ఐఐటీ ఢిల్లీ సామాజిక శాస్త్ర ప్రొఫెసర్, సభ్య కార్యదర్శి కేంద్ర హోంశాఖ మాజీ కార్యదర్శి. ఫిబ్రవరి 12న టర్మ్స్ ఇచ్చి డిసెంబర్ 31 గడువు పెట్టారు, డిసెంబర్ 30న నివేదిక చేతికొచ్చింది. తెలంగాణ ఉద్యమం మీద వేసిన కమిటీయే అయినా ఆ నివేదిక నిండా సాగునీరు, ఆదాయం, చదువు, ఉద్యోగాల లెక్కల పట్టికలే. ఆర్థికవేత్త కూర్చున్న కమిటీ ముందుకు అంకె లేకుండా పోతే మీ మాట ఆ పట్టికల్లో ఎక్కడా ఇమడదు.

మూడో మెట్టు: ఆధారం పోగుచేయడం

అసలు శ్రమ ఇక్కడుంది. నెల గడువుంటే అందులో సగం దీనికే పెట్టండి. రాత వారంలో అయిపోతుంది.

బ్లాస్టింగ్ వల్ల ఇళ్లు పగులుతున్నాయన్న ఫిర్యాదునే చూద్దాం. కోల్‌బెల్ట్‌లో ఎక్కడికి పోయినా వినిపించే మాట ఇది. ‘మా ఇళ్లన్నీ పగిలిపోతున్నాయి’ అని రాస్తే గని యాజమాన్యం ‘ప్రకంపనలు పరిమితికి లోబడే ఉన్నాయి’ అని ఒక్క లైనుతో జవాబిస్తుంది, కమిటీ దాన్ని రాసుకుని ముందుకు పోతుంది. ఆ లైనును దాటాలంటే ఇలా చేయండి.

ఊళ్లో 240 ఇళ్లుంటే ప్రతి ఎనిమిదో ఇంటికి పోండి, 30 ఇళ్లవుతాయి. పగిలిన ఇళ్లే ఏరుకోవద్దు, పగుళ్లు లేని ఇల్లు వచ్చినా రాసుకోవాలి. అందరికీ ఒకే ఫారం: ఇంటి నంబరు, గోడ మట్టిదా ఇటుకదా, స్లాబా పెంకులా, కట్టిన సంవత్సరం, గని అంచు నుంచి దూరం. దూరం ఫోన్ మ్యాప్‌లో కొలవొచ్చు. పగులు పక్కన స్కేలు పెట్టి తేదీ కనబడేలా ఫొటో తీయండి. పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేసి, నెల తర్వాత అదే చోట మళ్లీ కొలవండి. గీత దాటి పగులు సాగితే అది పాత పగులన్న వాదన నిలవదు.

చాలామంది వదిలేసే పని ఇంకోటి ఉంది. గనికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో, అదే రకం నేల, అదే రకం కట్టుబడి ఉన్న ఊళ్లో కూడా ఓ పది పదిహేను ఇళ్లు చూడండి. అక్కడ పగుళ్లు తక్కువుంటే మీ వాదనకు బలం. సమానంగా ఉంటే నల్లరేగడి నేల ఉబ్బి తగ్గడం వల్లనో, పునాది లోపం వల్లనో కావచ్చు. ఆ సంగతి నిపుణుడు కమిటీలో పట్టుకోకముందే మీకు తెలిసి ఉండటం మేలు.

ఇక అవతలి పక్షం అంకె. గనులకు చెందని మామూలు ఇళ్ల దగ్గర ప్రకంపన ఎంత దాటకూడదో గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్‌లో ఉంది. ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ లోపు ఉంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 దాకా 10, ఆపైన 15. కాబట్టి ‘పరిమితిలోపే’ అన్నప్పుడు ఏ ఫ్రీక్వెన్సీకి, ఏ పరిమితి, మీటరు ఎవరి ఇంటి దగ్గర పెట్టారు అని అడగాలి. ఫలానా మూడు నెలల బ్లాస్టింగ్ రిజిస్టరు, ప్రకంపనల రీడింగులు కావాలని సమాచార హక్కు కింద ముందే దరఖాస్తు పెట్టుకోండి. ప్రభుత్వ రంగ సంస్థలకు ఆ చట్టం వర్తిస్తుంది. జవాబుకు నెల పడుతుంది కాబట్టి ఇది మొదటి రోజే చేయాల్సిన పని.

మిర్చి, పత్తి విషయమైతే తక్‌పట్టీలే (మార్కెట్లో అమ్మినప్పుడు ఇచ్చే తూకం, ధర చీటీలే) మీ ఆధారం. కనీసం మూడు సీజన్లవి, తేదీ, రకం, బస్తాలు, తూకం, ధర కనబడేలా జిరాక్స్ తీయండి. మాటగా చెప్పిన ధరకూ తక్‌పట్టీ ధరకూ తేడా ఉంటే తక్‌పట్టీదే రాయండి. భూమి సమస్యకైతే పాస్‌బుక్, పాత పహాణీలు, దరఖాస్తు రసీదు.

లెక్కలు ఒకసారి తెలిసినవాళ్లకు చూపించండి. వరంగల్‌లో ఇది కష్టం కాదు. నిట్ సివిల్ విభాగం, కాకతీయ యూనివర్సిటీ, ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన స్థానం, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. సంతకం పెట్టమని బలవంతం చేయొద్దు. ‘కొలిచిన పద్ధతిలో తప్పుందా’ అని అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు.

నాలుగో మెట్టు: రాయడం

నాలుగు పేజీలు దాటొద్దు. మిగతాదంతా అనుబంధాల్లో పెట్టి, అనుబంధం 1, 2, 3 అని నంబర్లు వేసి, మొదటి పేజీ నుంచి చివరి జిరాక్స్ దాకా వరుసగా పేజీ నంబర్లు వేయండి. తెలుగులో రాయొచ్చు. సభ్యుల్లో బయటి రాష్ట్రం వాళ్లుంటే పైన ఒక పేజీ ఇంగ్లిష్ సారాంశం జతచేయండి. ఆ ఒక్క పేజీయే చదివే సభ్యుడూ ఉంటాడని అనుకుని రాయాలి.

ఒక్కో అంశానికి మూడు ముక్కలు: టర్మ్స్‌లో ఏ నంబరు, మా దగ్గర ఉన్న స్థితి, కమిటీ ఏమని సిఫారసు చేయాలి. మూడోది రాయడంలోనే అందరూ తడబడతారు. ‘న్యాయం చేయాలి’, ‘ఆదుకోవాలి’ అంటే కమిటీ దాన్ని సిఫారసుగా మార్చలేదు. నమూనా కింద ఉంది, అంకెలు ఊహించినవి:

‘టర్మ్స్ 3వ అంశం. మా గ్రామంలో సాదాబైనామా దరఖాస్తులు 46. వీటిలో భూమి అమ్మినవారు చనిపోయినవి 19. వారసులు అఫిడవిట్ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవి 8 మాత్రమే (అనుబంధం 2, పేజీలు 7 నుంచి 11). సిఫారసు: అమ్మినవారు చనిపోయిన కేసుల్లో వారసుల అఫిడవిట్ తప్పనిసరి చేయకుండా, 12 ఏళ్ల కబ్జాకు పహాణీ రుజువు, చుట్టుపక్కల రైతుల వాంగ్మూలం ఆధారంగా ఆర్డీఓ విచారించి ఉత్తర్వు ఇచ్చేలా నిబంధన చేర్చాలి.’

చివరి వాక్యాన్ని దాదాపు ఉన్నదున్నట్టు నివేదికలోకి ఎత్తుకోవచ్చు. మీరు రాసే ప్రతి కోరికా ఇలా ఉందో లేదో చూసుకోండి.

మాట ఎంత ఖచ్చితంగా ఉండాలో స్వామినాథన్ కమిషన్ అనుభవం చెబుతుంది. 2004 నుంచి 2006 మధ్య ఇచ్చిన నివేదికల్లో ఆ కమిషన్ మద్దతు ధర ఉత్పత్తి ఖర్చు కన్నా కనీసం 50 శాతం ఎక్కువుండాలంది. ఏ ఖర్చు? చేతి నుంచి పెట్టిన ఖర్చుకు ఇంటివాళ్ల కూలి కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్. దానికి సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి వడ్డీ కూడా కలిపితే సీ2. ఆ సిఫారసు వాక్యంలో ఈ పేరు లేదు. 2018-19 బడ్జెట్లో కేంద్రం ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రకటించి ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ మీద లెక్కగట్టింది, రైతు సంఘాలు సీ2 మీద కావాలంటున్నాయి. ఇన్నేళ్ల తగాదా ఆ ఒక్క పదం చుట్టూ తిరుగుతోంది.

సంతకాల విషయం. తెల్లకాగితాల మీద 300 సంతకాలు తీసుకుని చివర్లో పిన్ను కొడితే ఎవరు దేనికి సంతకం పెట్టారో తెలియదు. ప్రతి సంతకాల పేజీ పైన కోరిక రెండు లైన్లలో ఉండాలి, పేరు పక్కన ఇంటి నంబరు ఉండాలి. ఒకే నమూనా జిరాక్స్ తీసి వెయ్యి మందితో పంపించడం కూడా పెద్దగా పనిచేయదు. ఆఫీసులో వాటిని ఒక కట్టగా కట్టి ఒకటే చదువుతారు. వెయ్యి మందికి బదులు ఇరవై మంది తమ తమ సంగతి ఒక్కో పేజీ రాసిస్తే అది ఎక్కువ.

ఐదో మెట్టు: ఇవ్వడం

మూడు సెట్లు చేయండి. ఒకటి కన్వీనర్ ఆఫీసుకు, ఒకటి సచివాలయంలో సంబంధిత శాఖ కార్యదర్శికి, ఒకటి మీ దగ్గర. తపాల్ సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. పోలేకపోతే స్పీడ్ పోస్టులో పంపి, రసీదుతో పాటు డెలివరీ అయినట్టు ఆన్‌లైన్‌లో కనబడే పేజీని కూడా ప్రింట్ తీసి పెట్టండి. ఈమెయిల్ అడ్రస్ ఇచ్చి ఉంటే అదీ చేయండి.

సోమవారం ప్రజావాణిలో ఇస్తే సరిపోతుందనుకోవద్దు. అక్కడ ఇచ్చింది ఫిర్యాదుగా ఎంట్రీ అయి ఏదో ఒక శాఖ జిల్లా అధికారికి పోతుంది. ‘పరిశీలించి చర్య తీసుకోగలరు’ అన్న ముక్కతో మండలానికి దిగి, మీ ఇంటికి తిరిగి వస్తుంది తప్ప కమిటీ ఫైల్లోకి పోదు.

ఆరో మెట్టు: హియరింగ్

కమిటీ జిల్లాకు వస్తే ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు దొరకొచ్చు. ఐదుగురు పోతే ఐదు వేర్వేరు అంశాలు పంచుకోండి. కాగితంలో రాసింది మళ్లీ చదవకండి, పేజీ నంబరు చెప్పి ఆ ఒక్క అంకె చూపించండి.

గనులు, పెద్ద ప్రాజెక్టుల పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ మాత్రం వేరే ప్రపంచం. దీనికి 2006 పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్‌లో రూల్సన్నీ రాసి ఉన్నాయి, అవి తెలిసినవాడిదే పైచేయి. ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి. ముసాయిదా ఈఐఏ నివేదిక కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం లాంటి చోట్ల చూడటానికి దొరకాలి, తెలుగు సారాంశం ఉండాలి. కలెక్టరో, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని ప్రతినిధో అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి.

ఈ 30 రోజుల్లో ఆ నివేదిక చదవాలి. వందల పేజీలు చూసి బెదరొద్దు. మూడు చోట్ల చూస్తే చాలు. మొదట పది కిలోమీటర్ల పరిధి మ్యాపు: అందులో మీ చెరువు, వాగు, బడి ఉన్నాయా? తర్వాత గాలి, నీటి నమూనాలు ఏ ఊళ్లలో, ఏ నెలల్లో తీశారన్న పట్టిక. గాలి మీ ఊరి వైపు వీచే కాలం వదిలేసి తీసి ఉంటే అదే మీ మొదటి ప్రశ్న. మూడోది పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో ఖర్చుల పట్టిక: మీ ఊరి పేరున ఎంత రాశారు, ఏ పనికి?

హియరింగ్‌ను బహిష్కరించాలన్న పిలుపు తరచూ వస్తుంటుంది. కోపం న్యాయమైనదే కావచ్చు, కానీ ఈ సభకు కోరం లేదు. పది మంది వచ్చినా జరిగినట్టే రాస్తారు, బహిష్కరించినవాళ్ల అభ్యంతరం రికార్డులో ఉండదు. బయట ధర్నా చేసినా సరే, ముందే కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) రీజినల్ ఆఫీసుకు రాతపూర్వకంగా అభ్యంతరాలు ఇచ్చి రసీదు తీసుకోండి.

సభ ముగిసే ముందు అందరూ లేచి భోజనాలకు పోతారు. మీరు మాత్రం కదలొద్దు. చెప్పినవాటి సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలని, అదే రోజు కలెక్టర్ సంతకం చేయాలని రూలు. మీరు ‘గాలి నమూనా మా ఊళ్లో తీయలేదు’ అంటే అక్కడ ‘గాలి కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు’ అని రాసి ఉండొచ్చు. అప్పుడే లేచి సరిచేయించాలి. ఎనిమిది రోజుల్లోపు ఆ ప్రొసీడింగ్స్ పైకి పోతాయి. పంచాయతీలో, కలెక్టరేట్‌లో ప్రదర్శించాలి, పీసీబీ వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. తేడా ఉంటే నేరుగా అనుమతి ఇచ్చే అధికారికి రాయొచ్చు.

తర్వాత ప్రాజెక్టు వాళ్లు ప్రతి ప్రశ్నకూ జవాబు రాసి తుది ఈఐఏలో కలపాలి. పర్యావరణ అనుమతుల వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరుతో వెతికి ఆ జవాబుల పట్టిక చూడండి. ఎజెండా, మినిట్స్ కూడా అక్కడే పెడతారు. నిపుణుల కమిటీ ఒప్పుకోవచ్చు, షరతులు పెట్టొచ్చు, అదనపు సమాచారం అడిగి వాయిదా వేయొచ్చు, తిరస్కరించమనీ చెప్పొచ్చు. నిజానికి మీరు గెలిచేది ఎక్కువగా షరతుల్లోనే: బ్లాస్టింగ్ సమయం, మీటరు పెట్టే చోటు, బొగ్గు లారీల రోడ్డు. అనుమతి వచ్చేశాక అభ్యంతరముంటే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచికి 30 రోజుల్లో అప్పీలు వేయాలి. సరైన కారణం చూపితే మరో 60 రోజుల దాకా ఒప్పుకుంటారు, ఆపైన లేదు.

ఏటూరునాగారం, ఉట్నూర్ లాంటి ఏజెన్సీ ప్రాంతాల విధాన విషయాల్లో ఇంకో గుమ్మం ఉంది. ఐదో షెడ్యూలు కింద గిరిజన సలహా మండలిలో 20 మందికి మించకుండా సభ్యులుంటారు, వారిలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఎస్టీ ఎమ్మెల్యేలే. గవర్నర్ పంపిన అంశాలపైనే అది సలహా ఇస్తుంది కాబట్టి మీరు నేరుగా రాసినా ఎజెండాకు ఎక్కదు. మీ ఎస్టీ ఎమ్మెల్యే ద్వారా, గ్రామసభ తీర్మానం జతచేసి పోవాలి.

నివేదిక ఇచ్చాక

ఇక్కడికొచ్చేసరికి సంఘాలు అలసిపోతాయి. ప్రభుత్వానికి కావాల్సిందీ అదే అని అనుమానించాల్సిన సందర్భాలున్నాయి. ఉద్యోగాల్లో స్థానికులకు వాటా పెట్టిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా 58,962 మంది స్థానికేతరులు తెలంగాణ ఉద్యోగాల్లో ఉన్నారని జయభారత్ రెడ్డి అధికారుల కమిటీ తేల్చింది. 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది, 1986 మార్చి 31లోగా వాళ్లను వెనక్కి పంపాలని గడువు పెట్టారు. ఆ గడువు పోయింది. 2001లో, ఆ జీవో ఎందుకు అమలు కాలేదో చూడటానికి గిర్‌గ్లాని ఏకసభ్య కమిషన్ వేయాల్సి వచ్చింది. కమిటీ తేల్చింది, జీవో కూడా వచ్చింది, అమలును వెంటాడే ఏర్పాటు మాత్రం లేకపోయింది.

దీనికి పూర్తి భిన్నంగా జరిగింది ఎస్సీ వర్గీకరణలో. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల తీర్పు వచ్చింది, అక్టోబర్లో జస్టిస్ షమీమ్ అక్తర్ ఏకసభ్య కమిషన్ వేశారు, 59 కులాలను మూడు గ్రూపులుగా చేసి 1, 9, 5 శాతాలు పెట్టాలన్న సిఫారసు 2025 ఫిబ్రవరిలో వచ్చింది, ఏప్రిల్ 14న చట్టం అమలైంది. సిఫారసు నేరుగా బిల్లులోకి ఎక్కే రూపంలో ఉండటం, ప్రభుత్వం ముందే మాట ఇచ్చి ఉండటం, రెండూ కలిశాయి.

నివేదిక అందిందని వార్త వచ్చిన వారంలోపే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. శాఖ ప్రజా సమాచార అధికారి పేర రాయాలి. ఫీజు పది రూపాయలు, మండల స్థాయి ఆఫీసుకైతే ఐదు, పంచాయతీకి లేదు. ‘ఎందుకు చేయలేదు’ అని అడగొద్దు, అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. కాగితాల పేరు పెట్టి అడగండి: ఫలానా జీవోతో ఏర్పడిన కమిటీ నివేదిక అనుబంధాలతో సహా, సమావేశాల మినిట్స్, ఫలానా ఇన్‌వర్డ్ నంబరు గల మా వినతిపై కమిటీ రాసుకున్న నోట్, నివేదికపై శాఖ నడిపిన ఫైలు నోట్‌షీట్లు. కమిటీలు, వాటి మినిట్స్ జనానికి అందుబాటులో ఉంటాయా లేదా అన్న వివరాన్ని ప్రతి శాఖ తనంత తానే ప్రకటించాలని సెక్షన్ 4(1)(బి)లో ఉంది. దాన్నీ ప్రస్తావించండి.

తిరస్కరిస్తే రెండు కారణాలు ఎక్కువగా వినిపిస్తాయి. ‘కేబినెట్ పరిశీలనలో ఉంది’ అన్నది సెక్షన్ 8(1)(ఐ). నిర్ణయమై విషయం ముగిశాక ఆ అడ్డు ఉండదని అదే సెక్షన్ చెబుతుంది కాబట్టి, కేబినెట్ నిర్ణయం జరిగిన తేదీ అడిగి మళ్లీ దరఖాస్తు పెట్టండి. ‘సభలో పెట్టలేదు, సభా హక్కులకు భంగం’ అన్నది 8(1)(సి). విచారణ కమిషన్ నివేదికలకు దీన్ని వాడతారు. అప్పుడు ఆరు నెలల గడువు ఎప్పుడు మొదలైందో చూపిస్తూ ఎమ్మెల్యే చేత ప్రశ్న వేయించడం మేలు. నివేదికలో కొంత భాగమే రహస్యమైతే సెక్షన్ 10 కింద మిగతాది ఇవ్వాలి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా మరో 30 రోజుల్లో అదే శాఖలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. రెండో అప్పీలుకు మూల దరఖాస్తు, వచ్చిన జవాబు, మొదటి అప్పీలు, దాని మీద ఉత్తర్వు, పోస్టు రసీదులు అన్నీ జతచేయాలి. ఒక్కటి తగ్గినా లోపముందని వెనక్కి వస్తుంది, గడువు మీ మీద నడుస్తూనే ఉంటుంది. అందుకని ఇవన్నీ సంఘం అధ్యక్షుడి ఇంట్లో ఒక సెట్టు, కార్యదర్శి ఇంట్లో ఒక సెట్టు పెట్టండి. ఎన్నికలొచ్చి కార్యవర్గం మారినప్పుడు ఫైలు అప్పగించినట్టు సంతకం తీసుకోండి.